సుగుణ కుటుంబం పేర్చిన ఇల్లు

డెక్లన్ గారు పోయిన రెండు నెలలకు ఆయన గరాజ్‌లోని రాళ్ల పెట్టెలు సర్దడానికి మా శిలాజాల క్లబ్బు నుంచి నలుగురం వెళ్లాం. ఆయన ఐర్లండ్‌లో పుట్టి, కెనడాలోని హామిల్టన్ బళ్లలో సైన్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ తర్వాత ఓపిక ఉన్నన్నాళ్లూ నెలకో శనివారం ఊళ్లోవాళ్లని పిల్లాపాపలతో సహా కొండ వెంట నడిపించి, రాళ్లలో మిగిలిపోయిన పాతకాలపు జీవుల గుర్తులు చూపించేవారు. టిక్కెట్టు లేదు, ఎవరైనా రావచ్చు. నేనూ అలా వచ్చినదాన్నే. ఇప్పుడు ఆ నడకలు నడిపించేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

మూడో పెట్టెలో పాత న్యూస్‌పేపర్ చుట్టిన పలక ఒకటి చేతికి తగిలింది. విప్పాను. అరచేతి వెడల్పు బూడిదరంగు రాయి, దాని మీద సన్నని కాడ, కాడ చివర ముడుచుకున్న మొగ్గ. చూడగానే గుర్తుపట్టాను. బోర్లించి ఉన్న బకెట్ మీద కూలబడ్డాను. రాయి కింద ఆయన చేతిరాతతో ఒక చీటీ ఉంది. చదవలేదు. మళ్లీ అలాగే చుట్టి పెట్టె అడుగున పెట్టేసి, తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికి వచ్చేశాను. మా అమ్మాయి "వాట్ హ్యాపెండ్ అమ్మా?" అని అడిగితే ఏం లేదన్నాను. నాకు ఈ దేశపు పౌరసత్వం వచ్చి చాలా ఏళ్లయింది. తల సగం నెరిసింది. ఇంకా ఎందుకే నీకు భయం అని అద్దంలో చూసుకుని నన్ను నేను తిట్టుకున్నాను కూడా. నా భయం తిట్లకు లొంగే రకం కాదు. ఆ రాయిని కొండలోంచి పీకింది నేనే. పీకలేదని ఆయన మొహం మీదే చెప్పించుకున్నదీ నేనే.

అప్పట్లో కెనడాకు మాలాంటి స్టూడెంట్లు వరదలా వచ్చి పడుతున్నారు. కాలేజీలు సీట్లిచ్చాయి గానీ తల దాచుకునే చోటు మమ్మల్నే చూసుకోమన్నాయి. ఒక గదికి ఇరవై మంది ఫోన్లు చేసేవాళ్లు. అలాంటి రోజుల్లో సుగుణ ఆంటీ ఇంట్లో నాకు చోటు దొరికింది. ఇల్లు ఆంటీది కాదు. ఓనర్ దగ్గర మొత్తం అద్దెకు తీసుకుని, పై గది తను ఉంచుకుని, మిగిలిన గదుల్లోనూ బేస్‌మెంట్‌లోనూ ఏడుగురు అమ్మాయిలను పెట్టుకుంది. కాకినాడ దగ్గరి ఊరు ఆవిడది. ఆస్పత్రిలో గదులు శుభ్రం చేసే ఉద్యోగం. భర్త పోయాడు, పిల్లలు లేరు. డ్యూటీ నుంచి రాగానే మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. అయినా ఆవిడ దగ్గర ఎప్పుడూ బ్లీచ్ వాసనా కొబ్బరినూనె వాసనా కలిసి వచ్చేవి. చెప్పులు పేపర్‌లో చుట్టి పెట్టేది. నిమ్మకాయ ముక్కలు ఉప్పులో వేసి, ఎండ లేని దేశంలో ఎండ కోసం చూడకుండా, నేలలోంచి వేడిగాలి వచ్చే జాలీ పక్కన ఆరబెట్టేది. చలికాలం పొడుగునా ఆ ఇల్లంతా పచ్చడి వాసనే. గాలి ఇటు తిరిగితే మాత్రం స్టీల్ ఫ్యాక్టరీల వాసన దాన్ని మింగేసేది.

ఆంటీ ప్రార్థన చేయకుండా ఎవరూ ముద్ద నోట్లో పెట్టకూడదు. హిందువులం, క్రైస్తవులం అనే తేడా ఆ బల్ల దగ్గర లేదు, అందరం కళ్లు మూసుకోవాల్సిందే. అన్నం చల్లారిపోయేంత పెద్ద ప్రార్థన. "ప్రభువా, లావణ్య వర్క్ పర్మిట్ పెట్టుకుంది, చూసుకో. వాణి ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసి పదకొండు వారాలయింది, ఆ ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో వాళ్ల మనసు కదిలించు" అని ఒక్కొక్కరి అప్లికేషన్ గురించి వివరంగా చెప్పుకునేది. వాణిని నేనే. ఒక్క కన్ను తెరిచి చూస్తే ఎదురుగా లావణ్య కూడా ఒక్క కన్ను తెరిచి నవ్వాపుకుంటూ కనిపించేది. కరీంనగర్ పిల్ల. భయాన్ని కూడా జోక్‌లా చెప్పేది గానీ అందరికంటే ఎక్కువ భయపడేదీ అదే.

ఆ ఇంట్లో మేం తిన్న అన్నం కంటే పడ్డ భయమే ఎక్కువ. పోపు వేస్తే పొగ అలారం మోగుతుందని భయం. మంచు కురుస్తున్నా కిటికీలు బార్లా తెరిచి, ఒకమ్మాయి అలారం కింద తువ్వాలు ఊపుతుంటే ఇంకొకమ్మాయి ఆవాలు వేసేది. తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే భయం. తలుపు సందులోంచి ఉత్తరం పడితే, అది పిజ్జా కాగితమని తెలిసేదాకా భయం. నా పర్మిట్ గడువు అయిపోయింది. కొత్తదానికి అప్లై చేశాను కాబట్టి ఉండొచ్చు, కాదంటే మాత్రం సర్దుకుని వెళ్లిపోవాలి. ఏదైనా కంప్లెయింట్ నా పేరు మీద వస్తే చాలు, అంతా అయిపోయినట్టే అని నమ్మేదాన్ని. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఒకరి భయం ఇంకొకరికి అంటుకుంటూ వచ్చి అదే చట్టమైపోయింది.

ఆ వసంతకాలంలో ఓనర్ ఒక టేప్ పట్టుకుని వచ్చి గదులు కొలిచి వెళ్లాడు. ఇల్లు అమ్మేస్తున్నానని, రెండు నెలల్లో ఖాళీ చేయాలని ఆంటీకి చెప్పాడు. ఆ వారమే లావణ్య లైబ్రరీ నుంచి ఒక పసుపు కాగితం తెచ్చింది. కొండ దగ్గర శిలాజాల నడక, కుటుంబాలకు ఆహ్వానం, బస్సు ఫ్రీ, మధ్యాహ్నం భోజనం ఫ్రీ.

"ఇగో, ఇట్లాంటి వాటికి పోతే కమ్యూనిటీల ఉన్నట్టు లెక్క. రేపు పీఆర్‌కి పనికొస్తదట" అంది లావణ్య. పీఆర్ అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతి.

"కుటుంబాలకని రాశారుగా. మనం కుటుంబం కాదు కదా?" అన్నాను.

"అయితం తీయ్. ఆంటీ అమ్మ. మనిద్దరం బిడ్డలం."

ఆన్‌లైన్ ఫారంలో కుటుంబం పేరు దగ్గర సుగుణ అని, పెద్దలు ఒకరు, పిల్లలు ఇద్దరు అని కొట్టింది. పిల్లల వయసు అని అడిగితే మాత్రం నిజాయితీగా ఇరవై మూడు, ఇరవై రెండు అని నింపింది. ఇంటి అడ్రసు కూడా ఇచ్చింది. ఆంటీకి ఫారం సంగతి చెప్పలేదు, నడకకు రమ్మని మాత్రం అడిగాం. పదకొండేళ్లుగా రోజూ బస్సులోంచి ఆ కొండను చూస్తూ డ్యూటీకి వెళ్తున్నా ఒక్కసారీ ఎక్కలేదట. సెలవు రోజే కావడంతో సరేనంది.

హామిల్టన్‌లో దాన్ని మౌంటెన్ అంటారు. మన కళ్లకు అది పెద్ద గట్టు, అంతే. కానీ ఊరిని రెండుగా కోసినట్టు నిలబడి ఉంటుంది. మిగతా కుటుంబాల్లో నిజంగా చిన్నపిల్లలున్నారు. డెక్లన్ గారు ప్రతి పిల్లకూ ఒక గుడ్డసంచి ఇచ్చారు. అందులో ఒక భూతద్దం, రంగులు వేసుకునే బొమ్మ, కుటుంబం పేరు రాసిన అట్టముక్క ఉన్నాయి. మా దగ్గరకొచ్చి కాగితం చూసి, మమ్మల్ని చూసి, కళ్లు కూడా ఆర్పకుండా నాకొకటి, లావణ్యకొకటి ఇచ్చారు. పొడుగ్గా, సన్నగా, చెవుల మీదికి టోపీ లాక్కుని ఉండేవారు. మెల్లగా మాట్లాడేవారు. ఆయన ఇంగ్లిష్‌లో సగం మాకు అర్థమయ్యేది కాదు. అర్థమైన సగం ఇప్పటికీ గుర్తుంది.

"మీరు నిలబడ్డది ఒకప్పుడు వెచ్చని సముద్రం అడుగు" అన్నారు. రాళ్లలో బొత్తాల్లాంటి చిన్న చక్రాలు చూపించారు. అవి పువ్వులా కనిపించే ఒక జంతువు కాడ ముక్కలట. ఆంటీ ఒకటి దగ్గరగా చూసి, "అచ్చం పూసలేనే. గుచ్చుకోడానికి చిల్లు కూడా ఉంది" అని మురిసిపోయింది. ఇలాంటివి ముక్కలుగా ఎన్నో దొరుకుతాయి గానీ మొగ్గతో సహా నిండుగా దొరకడం చాలా అరుదని ఆయన చెప్పారు. తన ఊరి సంగతి కూడా చెప్పారు. ఐర్లండ్ తీరంలో ఒక బండ మీద, నీళ్లలోంచి మొదట్లో బయటికి నడిచిన జంతువుల్లో ఒకదాని అడుగులున్నాయట. వాళ్ల నాన్న ఆదివారాలు తీసుకెళ్లి చూపించేవారట. "అది ఏ జంతువో మాకు సరిగ్గా తెలియదు. ఎక్కడ నడిచిందో మాత్రం తెలుసు. అందుకే చూడండి, ముట్టుకోండి, కానీ తీసుకెళ్లకండి. చోటు తప్పిన రాయి మాట్లాడదు" అన్నారు.

తీసుకెళ్లొద్దన్నారు, సరే. పేర్చొద్దని చెప్పలేదు కదా అని తర్వాత ఎన్నిసార్లు నాకు నేను వాదించుకున్నానో. భోజనానికి అందరూ కింద చెట్ల దగ్గర కూర్చున్నప్పుడు నేను ఒక్కదాన్నే మెట్ల దారి వైపు వెళ్లాను. మా వైపు కొండమీది దేవుడి దగ్గరకు నడిచి వెళ్లేవాళ్లు దారి పక్కన రాయి మీద రాయి పేరుస్తారు. ఎన్ని రాళ్లు నిలిస్తే అంత ఇల్లు కడతారని నమ్మకం. మా అమ్మ మూడు పేర్చింది. తీరా రెండు గదుల ఇల్లే అయ్యేసరికి, పై రాయి సరిగ్గా నిలవలేదేమో అని చాన్నాళ్లు అనుమానపడింది. నేను ఆ మెట్ల పక్కన కూర్చుని ఐదు పలకలు పేర్చాను. రెండు నెలల్లో పోయే ఇల్లు తలుచుకుంటూ, కళ్లు మూసుకుని, దేవుడా ఒక్క చోటు, ఈ దేశంలో నన్నెవరూ లేపని ఒక్క చోటు అని అడిగాను. పై రాయి మంచిది కావాలనిపించింది. చేతికందే ఎత్తులో, నాసిగా పొరలు పొరలుగా ఉన్న చోట, ఒక పలక అంచు బయటికి వచ్చి ఉంది. గోళ్లు పెట్టి లాగితే ఊడి వచ్చింది. దాని మీద మొగ్గ ఉంది. ఇంటికి పువ్వు పెట్టినట్టుందని ముచ్చటపడి అన్నిటికంటే పైన పెట్టాను.

"ఏవిటే అది?" అంటూ ఆంటీ వెనకాల నిలబడింది.

"ఇల్లు ఆంటీ. ఇలా పేరిస్తే ఇల్లొస్తుందని మా వైపు నమ్మకం."

ఆవిడ అటూ ఇటూ చూసింది. వంగి ఒక చిన్న రాయి తీసి నా చేతికిచ్చింది. "నా గదికి కూడా ఓటి పెట్టవే. ప్రభువు ఏవీ అనుకోడులే." నేను పేర్చిన రాళ్లకు ఆనించి దాన్నీ పెట్టాను. కింద విజిల్ వినబడితే పరుగున దిగాం. ఆ హడావుడిలో నా గుడ్డసంచి అక్కడే వదిలేశానన్న సంగతి ఇంటికొచ్చేదాకా గుర్తులేదు.

మంగళవారం అందరికీ ఈమెయిల్ వచ్చింది. శనివారం నడకలో ఎవరో రాళ్లు కదిలించారని, ఒక రాయి ఎక్కడిదో తెలుసుకోవడం చాలా అవసరమని, తెలిసినవాళ్లు దయచేసి తనను కలవాలని డెక్లన్ గారు రాశారు. లావణ్య దాన్ని పైకి చదివి వినిపించింది. అది పార్కు స్థలం. అక్కడ రాయి పీకడం నేరమేమో. పైగా ఫారంలో రాసిన కుటుంబం అబద్ధం.

"వాణీ, ఇది మిస్‌రిప్రజెంటేషన్ అయితదే" అంది లావణ్య. మొహంలో జోక్ లేదు. అప్లికేషన్‌లో అబద్ధం రాస్తే ఐదేళ్లు దేశంలోకి రానివ్వరన్న ఆ మాట మా అందరికీ పీడకల. రాళ్లు చూడ్డానికి పెట్టుకున్న ఫారానికీ ఇమ్మిగ్రేషన్‌కీ సంబంధం లేదని ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు మా ఇద్దరికీ నవ్వు రాలేదు. నేను మూడు రోజులు కాలేజీకి వెళ్లలేదు. సూట్‌కేసు మంచం కింద నుంచి బయటికి తీసి, మళ్లీ లోపలికి తోసి, మళ్లీ తీసేదాన్ని. ఆంటీకి అంతా చెప్పి ఏడ్చాను. ఫారంలో తనని అమ్మగా రాశామని కూడా అప్పుడే చెప్పాను. ఆవిడ, "ఎవరన్నా వస్తే నువ్వు మాటాడకు. నేను చూసుకుంటాను" అంది.

ఆయన శనివారం మధ్యాహ్నమే వచ్చారు. బల్ల మీద అన్నం, పప్పు పెట్టుకుని అప్పుడే కూర్చున్నాం. తలుపు అద్దంలోంచి ఆ టోపీ కనబడగానే లావణ్య బేస్‌మెంట్‌లోకి దిగిపోయింది. నేను లేవలేకపోయాను. ఆంటీ తలుపు తీసింది. ఆయన చేతిలో నా గుడ్డసంచి ఉంది. అట్టముక్క మీద సుగుణ కుటుంబం అన్న అక్షరాలు నేను కూర్చున్న చోటికే కనబడుతున్నాయి.

"ఇది మీదేననుకుంటా" అన్నారాయన. "మెట్ల దగ్గర దొరికింది. ఎవరి మీదా కంప్లెయింట్ లేదు. ఆ పై రాయిని ఎక్కడి నుంచి తీశారో చెబితే చాలు. కింద పడి ఉందా, కొండ గోడలోంచి వచ్చిందా, ఎంత ఎత్తున? అది చెప్పగలిగేది తీసినవాళ్లే."

ఎవరి మీదా కంప్లెయింట్ లేదన్న మాట నాకు బెదిరింపులా వినబడింది. పోలీసులు కూడా మొదట అలాగే అంటారని గ్రూపులో ఎవరో రాశారు. ఆయన ఆంటీ భుజం మీదుగా నా వైపే చూస్తున్నారు. ఎంత ఎత్తునో నా చేతులకు తెలుసు. ఆ పలక లాగినప్పుడు విరిగిన గోరు ఇంకా పెరగలేదు. చేతులు బల్ల కింద పెట్టుకున్నాను.

"మాకు తెలీదు సర్" అంది ఆంటీ, తనకు వచ్చిన ఇంగ్లిష్‌లో. "మా పిల్లలు రాళ్లు ముట్టుకోలేదు. ఆ బ్యాగ్ మాది కాదు."

ఆయన ఒక్క క్షణం ఆ అట్టముక్కనూ ఆంటీనీ మార్చి మార్చి చూశారు. "అలాగా. అయితే ఎవరైనా అడిగితే ఇచ్చేయండి" అని సంచిని గుమ్మం పక్కన పెట్టి, దాని మీద వచ్చే నెల నడక కాగితం పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఆంటీ వచ్చి కుర్చీలో కూర్చుంది. లావణ్య పైకి వచ్చింది. ఇద్దరం అలవాటుగా కళ్లు మూసుకున్నాం. ఎంతసేపైనా ప్రార్థన మొదలవలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆవిడ చేతులు జోడించి అన్నం వైపు చూస్తోంది. "ఏవని మొదలెట్టనే?" అంది. "ఒక్కరోజు చూసిన పెద్దాయన మన వస్తువు మన ఇంటికి తెచ్చిస్తే, కాదని చెప్పిన నోరిది." ఆ పూట ఆవిడ తినలేదు. మేం తిన్నాం, అది ఇంకా సిగ్గు. తర్వాత రోజుల్లో ప్రార్థనలు మళ్లీ జరిగాయి గానీ చిన్నవైపోయాయి. అప్లికేషన్ల వివరాలు ఆవిడ దేవుడికి చెప్పడం మానేసింది. అడిగే మొహం లేదనుకుందో ఏమో, నేను అడగలేదు.

ఇల్లు అమ్ముడైపోయింది. ఏడుగురం ఏడు దిక్కులయ్యాం. నేను ఒకరి హాల్లో కర్టెన్ కట్టుకుని ఎనిమిది నెలలున్నాను. అక్కడే పర్మిట్ వచ్చింది. ఏ కంప్లెయింటూ ఎక్కడా లేదు. ఆంటీ ఆస్పత్రి మారి విండ్సర్ అనే ఊరికి వెళ్లిపోయింది. భయం కొంచెం తగ్గాక, ఆయన గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిన, తేదీ దాటిపోయిన ఆ కాగితం పట్టుకుని నేను మళ్లీ నడకకు వెళ్లాను. డెక్లన్ గారు కొత్త మనిషిని పలకరించినట్టే పలకరించి భూతద్దం ఇచ్చారు. తర్వాత ఎన్ని శనివారాలో. రాళ్ల పొరలు చదవడం ఆయనే నేర్పారు. నేర్చుకునేకొద్దీ నేను చేసిందేమిటో అర్థమైంది. అది ఏ పొరలోదో తెలియకపోతే దాని కాలం తెలియదు, అప్పటి సముద్రం ఎలాంటిదో తెలియదు. పీఆర్ రాగానే చెప్పేద్దామనుకున్నాను. వచ్చాక సిటిజన్‌షిప్ రానీ అనుకున్నాను. అదీ వచ్చాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలన్నది కొత్త భయమైంది. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. మర్చిపోయారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు నడకలకు వచ్చే స్టూడెంట్లు కాగితాల మాట నన్ను ధైర్యంగా అడుగుతారు. ఫోన్‌లోనే అన్నీ చూసుకుంటారు. అయినా నా కోటు మీద క్లబ్బు బిళ్ల కనబడగానే కొందరు ఒకడుగు వెనక్కి వేస్తారు. ఆ అడుగు నాకు బాగా తెలుసు. మేం ఎవరికీ హాని చేయని వాళ్లం, మాకు హాని చేయాలని కూడా ఎవరూ అనుకోలేదు, అయినా ఒక మంచి మనిషి తలుపు తడితే బేస్‌మెంట్‌లోకి పారిపోయాం. ఆ వయసులో పోగొట్టుకున్నవాటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

తర్వాతి శనివారం మళ్లీ ఆ గరాజ్‌కు వెళ్లాను. పెట్టె తెరిచే ముందు ఆంటీకి ఫోన్ చేశాను. రిటైరైంది, మోకాళ్ల నొప్పులు, గొంతు మాత్రం అదే. రాయి, దాంతో పాటు ఆయన రాసిన చీటీ దొరికాయని చెప్పాను. "చీటీ చదివేవా?" అంది.

"భయమేస్తోంది ఆంటీ."

"నేను లైన్‌లోనే ఉంటాను. చదువు."

స్పీకర్ పెట్టి పేపర్ విప్పాను. ఆయన చిన్న అక్షరాలు. దొరికిన తీరు అన్నచోట, మెట్ల దారి పక్కన రాళ్లతో కట్టిన చిన్న ఇంటి మీద అని ఉంది. ఇల్లని ఆయనకు తెలుసు. ఎవరికి దొరికింది అన్నచోట, సుగుణ కుటుంబం, తల్లీ ఇద్దరు కూతుళ్లూ అని ఉంది. స్థలం అన్నచోట పెన్సిల్‌తో ఒక వరస: "వాణికి తెలుసు. చెప్పినప్పుడు రాయాలి. తొందర లేదు."

ఆంటీకి వినబడేలా పైకి చదవడం మొదలుపెట్టాను. మూడుసార్లు ఆగి చదివాను. అటువైపు ఆంటీ ముక్కు చీదుకోవడం వినబడింది. "తెలిసే మనింటికొచ్చేడన్నమాట. తెలిసే వెళ్లిపోయేడు" అంది. మళ్లీ తనే, "రాసెయ్యవే. ఎక్కడ తీసేవో అంతా రాసెయ్. నా పప్పు చల్లారిపోతోంది, నువ్వు రాశాక ప్రార్థన చేసుకుంటాను" అంది.

పెన్సిల్ తీసుకున్నాను. ఇమ్మిగ్రేషన్ ఫారం నింపినట్టే ఒక్కో మాటా చూసుకుంటూ మొదలుపెట్టాను. మెట్ల దారి, రెండో మలుపు, ఎడమ చేతి గోడ, గట్టి రాతి మెట్టుకు జానెడు కింద, నాసిరాతి పొరలోంచి ఊడదీసినది అని రాశాను. ఊడదీసింది వాణి అని కూడా రాశాను. మిగతా చీటీ మళ్లీ ఒకసారి మొదటి నుంచి చదివాను. తల్లీ ఇద్దరు కూతుళ్లూ అన్నచోట దిద్దడానికి ఏమీ లేదు.